పిన్నీసుల వెనక మచ్చ

"అంచు చూసుకో," అన్నాడు ఆయన.

"చూస్తాండా అన్నా. నువ్వు పండుకో," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఆదోనిలో వాళ్ల ఇంటి వసారాలో నవారు మంచం మీద ఉన్నాడు. మాట సగం గాలిగానే వస్తోంది. నేను చూడడానికి పోయినప్పుడల్లా పని సంగతే అడిగేవాడు. ఆ రోజు కూడా ఈ మధ్య ఫిలిములేమన్నా ఉతికావా అని అడిగాడు, ఎగతాళికి. ఫిలిములు ఉతికే కాలం పోయి చాలా ఏళ్లయిందని ఆయనకూ తెలుసు. పోతే పోనీ, బొమ్మ బొమ్మే కదా అని, ఆ అంచు మాట అన్నాడు. మూడోనాడు పోయాడు.

భర్త లేని మనిషిని కాబట్టి చివరి మాటలంటే మొగునివే చెబుతాననుకుంటారు. మా ఆయన ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నేను లోపల కండెలు చుడుతున్నాను. ఒక్క మాట కూడా లేదు. అందుకని నాకు మిగిలిన చివరి మాటలు ఈయనవే. ఈయన నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆదోనిలో ఎక్స్‌రే తీసే మనిషి. ఊరంతా ఫోటో సారు అనేది. నేను ఫోటో అన్న అనేదాన్ని.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు చూసి మంత్రాలయం బస్సు ఏదో, ఆదోని బస్సు ఏదో చెప్పగలను, అంకెలు తెలుసు. అంతే. ఇది మా తమ్ముని మనవరాలు రాస్తోంది, నేను చెబుతున్నాను. ఆ గదుల్లో ఇప్పుడు పనికి చేరుతున్న పిల్లలు వింటే బాగుంటుందని చెబుతున్నాను. నేను ఇరవై ఏళ్లకు పైగా ఎక్స్‌రే గదిలో ఆయాను. ఆ ఇరవై ఏళ్లలో రెండు రోజుల పని గురించి మాత్రమే ఇక్కడ చెబుతాను. ఒకరోజు తప్పు చేశాను. మరునాడు దాన్ని నా చేతనైనట్టు సరిచేశాను.

మా ఆయన పోయాక ఆదోనిలో మా తమ్ముని ఇంటికి వచ్చాను. వాడు ఒక డాక్టరుగారి ఎక్స్‌రే సెంటరులో ఊడ్చే పనికి పెట్టించాడు. అప్పుడు ఫోటోలు కంప్యూటరులో వచ్చేవి కావు. చీకటి గది ఉండేది, ఎర్ర బల్బు ఒక్కటి వెలిగేది. రెండు తొట్లలో మందునీళ్లు. ఫిలిమును ఒక దానిలో ముంచితే బొమ్మ తేలేది, రెండో దానిలో ముంచితే నిలిచేది. ఆ తర్వాత నీళ్లలో జాడించి క్లిప్పులకు వేలాడదీయాలి. ఫోటో అన్నకు వేళ్లు పుండ్లు పడ్డాయని ఆ ముంచే పని నాకు నేర్పాడు. మా ఇంట్లో నూలుకు అద్దకం వేసేవాళ్లం కాబట్టి నాకు అది కొత్తగా అనిపించలేదు. ఎంతసేపు ముంచాలో, ఎప్పుడు తీయాలో చెయ్యే చెప్పేది.

ఆరిన ఫిలిమును ఆయన వెలుగు పెట్టె మీద పెట్టి, రా, చూడు అనేవాడు. డాక్టరు చూడాల్సింది నేనెందుకు చూడాలంటే, ఉతికినదానివి నువ్వు, మరక నీదో జబ్బుదో నీకే తెలియాలి అనేవాడు. ఎముక తెల్లగా ఉంటుంది. గాలి నల్లగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో గాలి కాబట్టి అవి నల్లగా ఉండాలి. ఆ నలుపులో తెలుపు కనిపిస్తే అప్పుడు అంచు చూడాలి. గొలుసు, గుండీ, పిన్నీసు, ఏ లోహమైనా సరే అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. జబ్బు అంచు అట్లా ఉండదు. కాయ నుంచి పత్తి పీకినప్పుడు పింజ చుట్టూ నూగు లేస్తుందే, అట్లా ఉంటుంది. ఆదోనిలో పుట్టినవాడు కదా, ఆయనకు అన్నీ పత్తిలోనే కనిపించేవి. నాకు అక్షరాలు రాలేదు కానీ ఈ అంచులు వచ్చాయి.

తర్వాత కంప్యూటరు వచ్చింది. తొట్లు తీసి బయట వేశారు. చీకటి గదిలో చీపుర్లు పెట్టుకున్నారు. నా పని పోయిందనుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఫోటో అన్న నవ్వాడు. ఉతికే పని పోయింది గానీ మనుషులను నిలబెట్టే పని యాడికి పోతాదమ్మే అన్నాడు. నిజమే. మనిషి కుదురుగా నిలబడకపోతే ఎంత ఖరీదు మిషనైనా ఏం చేస్తుంది? గడ్డం పైకెత్తాలి. భుజాలు ముందుకు వంచి ప్లేటుకు ఆనించాలి. ఆడవాళ్ల జడను నెత్తిన ముడి వేయాలి, లేకపోతే నూనె రాసిన జడ ఊపిరితిత్తి మీద నీడ పడి జబ్బులా కనిపిస్తుంది. గాలి పీల్చమంటే వదిలేవాళ్లు కొందరు, పీల్చి నవ్వేవాళ్లు కొందరు. అందరినీ నిలబెట్టేది నేనే.

ఒక్క పని మాత్రం నేను చేసేదాన్ని కాదు. తాళి ముట్టేదాన్ని కాదు.

మొదట్లో ఒకామె గొలుసు సర్దబోతే ఆమె వెనక్కి దూకింది. నా నుదురు చూసింది, మెడ చూసింది. ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు. అప్పటినుంచి నేను నోటితో చెప్పేదాన్ని, వాళ్లే చేసుకునేవాళ్లు. టౌను ఆడవాళ్లు కొక్కెం విప్పి చేతిగుడ్డలో కట్టుకుంటారు. పల్లె ఆడవాళ్లది పసుపు తాడు, ముడి వేసింది, తీయరు. తీయమంటే గది వదిలి పోతారు. అందుకని నేను ఒక మాట అలవాటు చేసుకున్నాను: భుజం మీంచి వెనక్కి వేసుకోమ్మా. ఆ మాట ఇరవై ఏళ్లు అన్నాను. అందులో తప్పుందని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఫోటో అన్న పోయిన నెలకు ఒక వ్యాను వచ్చింది. ఊరూరా తిరిగి క్షయ జబ్బు కోసం ఎక్స్‌రేలు తీసే వ్యాను. అందులో కొత్త కంప్యూటరు. బొమ్మ పడిన క్షణంలో తానే చూసి, అనుమానం ఉన్నచోట ఎర్రగా మరక పెడుతుంది. ఫోటోలు తీయడానికి, ఆ కంప్యూటరు చూసుకోవడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఫోటో తీసే చదువే చదివింది. డ్రైవరు ఒకడు. పల్లె ఆడవాళ్లతో మాట్లాడే మనిషి ఒకరు కావాలని మా డాక్టరుగారిని అడిగితే నన్ను పంపించారు.

ఎమ్మిగనూరు పక్కన ఒక పల్లెలో, బడి ముందర వ్యాను నిలిపారు. ఒక్కరోజే ఆ ఊరికి. మగవాళ్లతో ఇబ్బంది లేదు, చొక్కా తీసి నిలబడతారు. ఆడవాళ్ల వరస మొదలయ్యేసరికి ఆ కంప్యూటరుకు పిచ్చి పట్టినట్టయింది. ప్రతి ఆడమనిషి భుజం దగ్గరా ఎర్ర మరకే. కర్నూలులో కూర్చున్న డాక్టరుకు ఎర్ర మరక పడిన బొమ్మలన్నీ ఫోనులో పోవాలి. ఆయన చూసి చూసి అమ్మాయికి ఫోను చేశాడు. నాకు తాళిబొట్లు పంపొద్దు, జబ్బులు పంపు అన్నాడట.

అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఆయమ్మా, ఇది చూడండి. ఇది నగా, జబ్బా?" అంది.

చూశాను. తెరమీద తాళిబొట్టు బిళ్లలు గుండ్రంగా, అంచు కోసినట్టు. బొట్టు అని చెప్పాను. అమ్మాయి ఎర్ర మరక కొట్టేసింది. తర్వాతది చూపింది. జడ అన్నాను. మళ్లీ తర్వాతది. అది తావీదు, రేకు తాయెత్తు. పది ఫోటోలయ్యేసరికి అమ్మాయి అడగడం కూడా మానేసింది, తెర నా వైపు తిప్పిపెట్టింది. నేను మనిషిని నిలబెట్టి రావడం, తెర చూసి వదిలేయమనడమో పంపమనడమో చెప్పడం. మధ్యాహ్నానికి నా నడకే మారింది. ఫోటో అన్న చూస్తే బాగుండేది అనుకున్నాను. అంత చదువుకున్న పిల్ల, అంత పెద్ద మిషను, నా నోటి మాట కోసం చూస్తున్నాయి. పొంగిపోయాను, అబద్ధమెందుకు.

అప్పుడు ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. చంకలో నెలల బిడ్డ, వెనక అత్త. ఎందుకొచ్చినావమ్మే అంటే దగ్గు పట్టి నెలయిందంది. బాలింత దగ్గులే అని అత్త మధ్యలో అంది. రేపు పొద్దున సుగ్గికి పోతాన్నాం, బిరీన తీయండి అని తొందర పెట్టింది. సుగ్గి అంటే మీలో తెలియనివాళ్లకు చెబుతాను. మా మెట్ట పల్లెల్లో వానలు లేక పనులు లేనప్పుడు ఇంటికి తాళం పెట్టి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీలెక్కి పోతారు. మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చేల గట్ల మీద పట్టాల గుడిసెల్లో ఉంటారు.

ఆ పిల్ల తాడుకు బొట్టుతో పాటు పిన్నీసుల గుత్తి. కూలికి పోయే ఆడవాళ్లందరికీ ఉంటుంది. ముల్లు దిగితే తీసుకోవడానికి, జాకెట్టు హుక్కు ఊడితే పెట్టుకోవడానికి. భుజం మీంచి వెనక్కి వేసుకోమ్మా అన్నాను. వేసుకుంది. బిడ్డను అత్తకిచ్చి నిలబడింది. ఫోటో పడింది. కుడి భుజం కింద ఎర్ర మరక.

"ఆయమ్మా?" అంది అమ్మాయి.

"పిన్నీసులమ్మా. వదిలెయ్," అన్నాను.

సగం చూసి అన్నాను ఆ మాట. అప్పటికే నా కళ్లు గుమ్మం దగ్గర తోసుకుంటున్న ఆడవాళ్ల మీద ఉన్నాయి. అమ్మాయి మరక కొట్టేసింది. ఆ పిల్ల చీటీ మీద బాగుందని గుర్తు పడింది. బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయింది.

ఊరు వదిలి ఎమ్మిగనూరు చేరి, పొద్దు గుంకాక అన్నీ సర్దుతున్నాం. అమ్మాయి నన్ను సంతోషపెట్టాలని, మీ కాలం ఫిలిములు ఎట్లా ఉండేవని అడిగింది. చెప్పాను. మా కంప్యూటరు ఇంకా ఆటలాడుతుంది చూడండి అని, ఆ రోజు తీసిన బొమ్మలను తెల్లది నల్లగా, నల్లది తెల్లగా తిప్పి చూపించింది. ఒకచోట పెద్దది చేసింది. పదును పెట్టింది. మసకగా ఉన్న పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు తేలాయి. వేడుకగా చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల బొమ్మ వచ్చింది.

తెల్లటి నేల మీద పిన్నీసులు నల్లగా పడ్డాయి. నాలుగు. ఒకదాని మీద ఒకటి గుత్తిగా. ఒక్కొక్కదాని అంచూ కోసినట్టే ఉంది. కానీ వాటి సందుల్లో, వాటి వెనక, ఇంకొకటి ఉంది. దానికి అంచు లేదు. నూగు ఉంది.

పిన్నీసుకు నూగు ఉండదు.

ఇంకా పెద్దది చెయ్యమ్మా అన్నాను. చేసింది. అప్పుడు నా తప్పు మొత్తం నాకు కనిపించింది. వెనక్కి వేసుకుంటే తాళి కంటికి కనబడకుండా పోతుంది గానీ మిషనుకు పోదు. ముందున్నా వెనకున్నా బొమ్మలో పడనే పడుతుంది. రొమ్ము మధ్యలో ఉంటే ఎముకల తెలుపులో కలిసిపోయే తాళిని నేనే తీసుకెళ్లి భుజం మీద, సరిగ్గా క్షయ మొదలయ్యేచోట వేలాడదీయించాను. వేలాడదీయించిందీ నేనే, దాన్ని చూసి వదిలేయమన్నదీ నేనే. కంప్యూటరు పాపం సరిగానే ఎర్రగా పెట్టింది.

అమ్మాయికి చెప్పాను. ఇది జబ్బో, పిన్నీసుల నీడో ఈ బొమ్మతో ఎవరూ చెప్పలేరంది. డాక్టరుకు పంపింది. మెడలో ఏమీ లేకుండా మళ్లీ తీయండి అన్నాడు. రేపు వ్యాను వేరే ఊరికి పోవాలి. ఆ పిల్ల కుటుంబం పొద్దున్నే లారీ ఎక్కుతుంది. అమ్మాయి పై వాళ్లకు ఫోను చేసింది. ఒప్పుకున్న ఊర్లు ముందు ముగించమని చెప్పారట. ఫోను పెట్టేసి నా వైపు చూసింది. తప్పు మీది ఒక్కరిదే కాదు ఆయమ్మా, కొట్టేసిన చెయ్యి నాదే, పొద్దున్నే పోదాం అంది. డ్రైవరు, డీజిలు లెక్క నేనేం చెప్పుకోవాలమ్మా అని గొణిగాడు గానీ పొద్దున మాకంటే ముందే లేచి వ్యాను తుడిచాడు.

మేము పోయేసరికి లారీ ఊరి బయట నిలబడి ఉంది. చాపలు, బిందెలు, బియ్యం మూటలు, కోళ్ల గంపలు ఎక్కిస్తున్నారు. ఆ పిల్ల బిడ్డకు పాలిస్తూ ఒక మూట మీద కూర్చుని ఉంది. మళ్లీ ఒకసారి ఫోటో తీయాలన్నాను. నిన్న బాగుందంటిరి కదా అంది.

"నేనే తప్పు చెప్పినానమ్మే. పిన్నీసులు అడ్డం పడినాయి. మెడలో ఏమీ లేకుండా తీయల్ల," అన్నాను.

అత్త విని బిందె కింద పెట్టింది. నా ముందరికి వచ్చి నిలబడింది. నా వయసే ఉంటుంది. ఆమె గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఊరు దాటే పొద్దు. నా కొడుకు లారీ ఎక్కుతాండాడు. ఈ పొద్దు మొగుడు లేని చెయ్యి నా కోడలి తాళి మీద పడనియ్యను."

కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ మీంచి చూస్తున్నాడు. అమ్మాయికి కోపం వచ్చి ఏదో అనబోయింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ మాట నాకు కొత్త కాదు. ఆ మాట పడతానని భయపడే ఇరవై ఏళ్లు భుజం మీంచి వెనక్కి వేసుకోమన్నాను. ఆ భయమే నిన్న పిన్నీసులను మచ్చ మీద వేసింది. ఇప్పుడు ఆ మాట పడనే పడింది. ఇంక భయపడడానికి ఏముంది?

"నా చెయ్యి పడదక్కా. నీ చెయ్యే పడల్ల," అన్నాను. "తాడు పాతబడితే మార్చేటప్పుడు నువ్వేం జేస్తావు?"

"పసుపు కొమ్ము కట్టినాక పాతది తీస్తాం. ఉత్త మెడ ఎట్ల పెడతాం?"

"ఇప్పుడూ అదే చెయ్యి. కొమ్ము కట్టి, ఇది తీసి నీ కొంగులోనే పెట్టుకో. మిషను కన్ను ఇనుమును, బంగారాన్ని పట్టుకుంటాది. పసుపును పట్టుకోదు. కోడలి మెడ ఒక్క చణం ఉత్తగా ఉండదు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. ఈ పద్ధతి నాకెట్లా తెలుసు అన్నట్టు చూసింది. నేనూ పదేళ్లు తాళి కట్టుకున్నదాన్నే కదా. ఇంటికి తాళం పెట్టేశారు, పసుపు కొమ్ము ఎక్కడిది? ఆమే లారీ మీదికెక్కి, కట్టిన మూట విప్పి, దినుసుల డబ్బాలోంచి ఒక కొమ్ము తీసింది. నూలు దారం నా సంచిలో ఉంది. మగ్గం ఇంట్లో బతికినవాళ్ల సంచిలో దారం లేకుండా ఉండదు. దారం నేను మూరవేసి తెంపి, ఆమె చేతికి ఇవ్వకుండా మూట మీద పెట్టాను. ఆమె తీసుకుంది. పసుపు రాసింది, కొమ్ము కట్టింది. మెడకు దగ్గరగా, పైకి కట్టమన్నాను, ఊపిరితిత్తి మీద పడకుండా. కట్టాక పాత తాడు తీసి కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది.

వ్యానులో అమ్మాయి మెల్లగా, పసుపు నిజంగా కనబడదా ఆయమ్మా అంది. బొట్టు కుదవపెట్టి కొమ్ము కట్టుకుని వచ్చిన వాళ్ల ఫిలిములు ఎన్ని ఉతికానో, ఎక్కడా అడ్డం పడలేదు అన్నాను. నా భయం మాత్రం వేరే. పసుపు గురించి కాదు. అక్కడ ఏమీ లేకపోతే, లారీని ఆపి, ఒక అత్త చేత కోడలి తాళి తీయించిన ముండమోపిగా ఆ ఊర్లో మిగులుతాను. అక్కడ ఏదైనా ఉంటే ఆ పిల్లకు జబ్బు. ఏది కావాలని మొక్కుకోవాలి? ఏదీ మొక్కుకోలేదు. ఆ పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తాను, భుజాలు ముందుకు వంచాను, గాలి పీల్చి పట్టుకోమన్నాను.

బొమ్మ పడింది. పిన్నీసులు లేవు. మచ్చ ఉంది. పింజ పీకి అతికించినట్టు, చుట్టూ నూగుతో, నిన్నటి చోటనే. కంప్యూటరు కూడా అక్కడే ఎర్రగా పెట్టింది. ఈసారి దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

డాక్టరు వెంటనే ఫోను చేశాడు. ఇది నగ కాదు, కళ్లె పరీక్ష చేయించండి, తేలేదాకా ఎక్కడికీ పంపొద్దు, చంటిబిడ్డ కూడా ఉంది అన్నాడు. అమ్మాయి ఆ మాటలే అత్తకు చెప్పింది. ఆ పిల్ల మొగుడు తల్లి వైపు చూశాడు. మేస్త్రీ, ఏందక్కా, పొద్దెక్కుతాంది అన్నాడు. అత్త బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"మా ఇద్దరి మూట దించురా," అంది కొడుకుతో. "నువ్వు పో."

లారీ పోయింది. ఆ దుమ్ములో ఆమె, కోడలు, బిడ్డ, ఒక మూట, ఒక బిందె మిగిలారు. వ్యానులో ఎక్కించుకుని ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. పరీక్షలో క్షయ అనే తేలింది. ఇంకా మొదట్లోనే ఉంది, తొందరగా పట్టారు అన్నారు. ఆరు నెలలు మందులు. బిడ్డకు రాకుండా బిడ్డకూ మందు రాశారు. ఆ రోజు వేరే ఊరికి మేము ఆలస్యంగా పోయాం, అమ్మాయి పై వాళ్లతో మాటలు పడింది. ఆమె ఆ మాటలు నాకు చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు.

ఆ రోజు నుంచి వ్యానులో ఒక రేకు డబ్బా పెట్టాను. అందులో పసుపు కొమ్ములు, దారం ఉండ. తాళి భుజం మీద వేసుకోమనే మాట మానేశాను. అత్తో, తల్లో, పక్కింటామో ఎవరో ఒకరు వెంట ఉంటారు కదా, వాళ్ల చేతే కట్టించడం, వాళ్ల చేతే తీయించడం. మొదట ఒకరిద్దరు గునిశారు గానీ, పద్ధతి తప్పకుండా జరుగుతోందని తెలిశాక ఎవరూ వ్యాను వదిలి పోలేదు. కర్నూలు డాక్టరు మళ్లీ తాళిబొట్ల గురించి ఫోను చేయలేదు. ఇప్పుడు మిగతా వ్యానుల్లో కూడా డబ్బాలున్నాయట. రాసిపెట్టిన కాయితంలో, మెడలో లోహం తీయించే ముందు పసుపు కొమ్ము కట్టించాలి అని ఒక వరస ఉందట. అమ్మాయి చదివి వినిపించింది. నాకు నా సంతకం కంటే ఆ వరస ఎక్కువ అనిపించింది.

ఒకరోజు అమ్మాయిని అడిగాను, ఈ కంప్యూటరు ఎట్లా నేర్చుకుందని. చాలా ఫోటోలు చూపించి నేర్పుతారు ఆయమ్మా, ఇది జబ్బు, ఇది కాదు అని చెప్పి చెప్పి, అంది. వాటిలో తాళిబొట్లున్నాయా అన్నాను. తెలియదంది. ఉండకపోవచ్చు అని కూడా అంది. నాకు ఫోటో అన్న వెలుగు పెట్టె ముందర నిలబెట్టి చూపించింది గుర్తొచ్చింది. మిషను కూడా నాలాగే ఒకరు చూపిస్తే చూసి నేర్చుకున్నదే. దానికి ఎవరూ పిన్నీసుల గుత్తి చూపలేదు, అంతే. అయితే ఆ పిల్ల బొమ్మలు రెండూ చూపించు, పిన్నీసులతో ఒకటి, పిన్నీసులు లేకుండా ఒకటి అన్నాను. పేరు తీసేసి పంపిందట. కొత్త పాఠాల్లో అవి చేరాయని తర్వాత చెప్పింది. ఇప్పుడు ఏ ఊర్లో ఏ ఆడమనిషి పిన్నీసుల గుత్తితో నిలబడినా, ఆ మిషను కాస్త ఆగి చూస్తుందేమో. నిశానీ వేసే వయసులో కష్టపడి సంతకం నేర్చుకున్నదాన్ని. ఒక కంప్యూటరుకు పాఠం చెప్పానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, నేను నమ్ముతున్నాను.

ఆరు నెలలయ్యాక ఆ పిల్ల కడపటి ఫోటోకు ఆదోనికి వచ్చింది. మా సెంటరుకే. ఒళ్లు చేసింది. బిడ్డ నడవబోయి పడుతున్నాడు. అత్త కూడా వచ్చింది. కొంగు విప్పితే అందులో పసుపు కొమ్ము, దారం సిద్ధంగా ఉన్నాయి. నేను అలవాటుగా పక్కకు జరిగాను. ఆమె కోడలి మెడకు కొమ్ము కట్టింది. పాత తాడు ముడి దగ్గర ఆగింది.

"నువ్వే తియ్యి. నా చేతులు వణకతాండాయి," అంది.

ఆమె చేతుల వైపు చూశాను. ఏమీ వణకడం లేదు. పత్తి గింజ వలిచే చేతులు, రాయిలా ఉన్నాయి. ఆ పిల్ల మెడ నా వైపు వంచింది. నేను ముడి విప్పాను. నా చేతుల్లో ఆ బొట్టు, ఆ నాలుగు పిన్నీసులు వెచ్చగా ఉన్నాయి. ఫోటో తీసేవరకు పట్టుకుని నిలబడ్డాను. ఊపిరితిత్తి నల్లగా, రాత్రి ఆకాశంలా వచ్చింది, ఒక గీత మచ్చ తప్ప. అది మానిన గాయం గుర్తు అన్నారు.

ఆ గదుల్లో పనిచేసే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. మిషను ఎర్రగా పెడితే దాని మీద విసుక్కోకండి. నాలాంటి పాత మనిషి వదిలేయమంటే ఒకసారి సరిగా చూసి చెప్పమనండి. ముట్టుకోవడానికి జంకే చోటే తప్పు దాక్కుంటుంది, దానికి దారి వెతకండి. దారి చాలాసార్లు వాళ్ల వంటింటి డబ్బాలోనే ఉంటుంది.

ఇంక చాలు పాపా. మొదటినుంచి ఒకసారి సదివి వినిపించు. నేను "వదిలెయ్" అన్నాను అని చెప్పినప్పుడు నీ పెన్ను సప్పుడు ఆగింది. నాకు సదువు రాదు గానీ చెవులుండాయి. అవ్వ పరువు పోతాదని ఆ మాట దాటేసినావేమో. ఉందో లేదో వినల్ల. అది లేకపోతే మిగతాది ఎవరు నమ్ముతారు? సదువు.